ఇచ్చట ఊ కొట్టరాదు

జూలై 6

అక్కా,

గది ఇచ్చారు! ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగి, కాసిని మంచినీళ్ళు తాగి, మిగతాది చదువు. రోజంతా నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల ఫోను చెవికి తగిలించుకుని కూర్చునేదానివి, ఇంటికొచ్చాక మళ్ళీ ఫోనంటే మీదపడి కరుస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

మా ప్రెస్సు వెనక సందులో ప్రాథమిక పాఠశాల ఉంది చూడు, అక్కడి పెద్ద టీచరు దగ్గరికి చెప్పులరిగేలా తిరిగాను. పిల్లలకి బొమ్మలూ కథలూ కలిపి వర్క్‌షాపు పెడతాను, శనివారం మధ్యాహ్నాలు చాలు అన్నాను. "నువ్వేం చదివావు బాబూ?" అంది. "ప్రెస్సులో కాగితం కోస్తానండీ. కోసిన ప్రతి కరపత్రమూ చదివాను" అన్నాను. ఆవిడ కళ్ళజోడు ముక్కు మీద కొంచెం జారింది. అయినా ఇచ్చింది. విరిగిన బెంచీలూ చిరిగిన మ్యాపులూ పడేసే గది. కిటికీ తలుపు ఒకటి రాదు, ఇంకొకటి పోదు. నాకు మాత్రం రాజభవనంలా ఉంది. (రాజభవనం వద్దు. రాజులంటే నాకు పడదని తెలుసుగా. గ్రంథాలయంలా ఉంది అనుకో.)

షరతు ఒకటి పెట్టింది. ఆగస్టు ఆఖరి శనివారం తల్లిదండ్రుల్ని పిలుస్తుందట. వాళ్ళ ముందు పిల్లలు బాగా చేశారా, గది నాదే. లేకపోతే చేతిరాత మాస్టారికి ఇచ్చేస్తుంది. ఆయన ఆ గది మీద ఎప్పటినుంచో కన్నేసి ఉంచాడు. చేతిలో స్కేలు, జేబులో ఇంకో స్కేలు! పిల్లల అక్షరాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండాలని ఆయన జీవితాశయం. ఇలాంటివాళ్ళ మీదే కదా అక్కా మన పోరాటం!

ఇవాళ మొదటి క్లాసు. ప్రెస్సులో కోయగా మిగిలిన పొడుగాటి కాగితం ముక్కలు సంచీ నిండా పట్టుకెళ్ళాను. ఒకటో తరగతి నుంచి అయిదు దాకా కలగాపులగంగా కూర్చున్నారు. కథ మొదలుపెట్టాను. "ఒక ఊళ్ళో ఒక కార్మికుడు ఉండేవాడు." అందరూ ఒక్కసారిగా "ఊ" అన్నారు. "అతను చాలా కష్టపడేవాడు." "ఊ." "యజమాని అతన్ని దోచుకునేవాడు." "ఊ." నాకు ఒళ్ళు మండిపోయింది. దోచుకుంటున్నాడంటే ఊ ఏమిటి! ఇంత చిన్న వయసులోనే దేనికైనా తలూపడం అలవాటు చేశారు. లేచి నిలబడి చెప్పేశాను, "ఇక్కడ ఎవ్వరూ ఊ కొట్టకూడదు! ఊ కొట్టేది బానిసలు! మీరు ప్రశ్నించాలి!" ఒక పిల్ల వెంటనే చెయ్యెత్తింది. నా గుండె ఉప్పొంగింది. "సార్, నీళ్ళు తాగి రావచ్చా?" అని ప్రశ్నించింది.

ఈ లోకం ఇలా తగలడింది ఊ కొట్టేవాళ్ళ వల్లేనక్కా. పెద్దవాళ్ళు చెప్తే ఊ, ఆఫీసరు చెప్తే ఊ, ఎవడేం వాగినా ఊ. దాన్ని వేళ్ళతో సహా పీకేస్తాను. నువ్వేమంటావు?

పిడికిలి బిగించి,
తమ్ముడు


జూలై 11

తమ్ముడికి,

ఉత్తరం అందింది.

ఊ.

అక్క


జూలై 21

అక్కా,

నువ్వు ఒక్క అక్షరంలో ఒప్పేసుకున్నావు! నీతో వాదించి నీచేత సరే అనిపించడం నా జన్మలో ఇదే మొదటిసారి. ఆ ఉత్సాహంతో ప్రెస్సులో ఎర్ర రంగుతో పెద్ద అక్షరాల్లో ఒక బోర్డు అచ్చు వేసుకొచ్చి గది తలుపుకి అంటించాను. "ఇచ్చట ఊ కొట్టరాదు."

కానీ ఏదో తేడా కొడుతోంది. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

పోయిన శనివారం కథ చెప్పాను. ఒక్కడు నోరు విప్పితే ఒట్టు. పెదాలు బిగబట్టి గుడ్లప్పగించి కూర్చున్నారు. ఒకడు ఊ వచ్చేస్తుందేమోనని రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. గోడకి చెప్పినట్టుంది. కథ మధ్యలో నాకే అనుమానం వచ్చింది, నేను అసలు మాట్లాడుతున్నానా, మనసులో అనుకుంటున్నానా అని. తర్వాత బొమ్మలు వేయమన్నాను. "ఏం వేయాలి సార్?" అన్నారు. "మీ ఇష్టం!" అన్నాను. అందరూ ఇల్లు, రెండు కొండలు, మధ్యలో సూర్యుడు వేశారు. అందరూ! సూర్యుడు కూడా అందరికీ అదే సందులోంచి పైకొచ్చాడు.

నిన్న సగం మందే వచ్చారు. ఒకటో తరగతి పిల్ల ఒకతె ఉంది, మాట్లాడే ముందు చిటికె వేస్తుంది, అందరూ దాన్ని చిటికె అనే పిలుస్తారు. అది చిటికె వేసి అడిగింది, "సార్, మీరు కథ చెప్తున్నారా, తిడుతున్నారా?"

అన్నిటికంటే ఘోరం చివర్లో జరిగింది. చేతిరాత మాస్టారు గుమ్మంలోంచి తొంగి చూసి, "శభాష్ బాబూ! పిన్ను పడితే వినపడేలా ఉంది నీ క్లాసు. కుర్రాడివైనా క్రమశిక్షణ తెలిసినవాడివి" అని నా భుజం తట్టాడు. అక్కా, ఆయన! నన్ను! మెచ్చుకున్నాడు!

వ్యవస్థ పిల్లల్ని ఎంతగా పాడుచేసిందో చూశావా? తప్పు ఎక్కడుందో నువ్వే చెప్పు. మనిద్దరిదీ ఒకే మాట కదా.

భుజం కడుక్కుని వచ్చి రాస్తూ,
తమ్ముడు


జూలై 26

ఒరేయ్ అగ్గిపుల్లా,

ఒకే మాటా? నా ఊ నీకు ఒప్పుకోలులా కనిపించిందా? పళ్ళు నూరుతూ రాశానురా దాన్ని! ఆ కాగితం ఉంటే వెనక్కి తిప్పి చూడు, పెన్ను గుచ్చుకుని చిల్లు పడి ఉంటుంది.

ఊ కొట్టేవాళ్ళ వల్ల లోకం తగలడిందని ఎవరికి రాస్తున్నావో ఒక్కసారైనా చూసుకున్నావా? నా ఉద్యోగమే అదిరా. కుళాయి రావట్లేదని ఒకరు, పైపు పగిలి వంటింట్లో గిన్నెలు తేలుతున్నాయని ఇంకొకరు. నేను ఊ అంటూ ఉంటాను. ఒక్కసారి ఆపానంటే అవతలవాళ్ళు "హలో, హలో, ఉన్నారా?" అని కంగారు పడతారు. నాలుగు ఊలు కొట్టేసరికి అంత కోపంగా ఉన్నవాళ్ళూ నెమ్మదిగా వీధి పేరు చెప్తారు. ఊ అంటే సరేనని కాదు. ఉన్నానని. నీ కరపత్రాల్లో ఈ ముక్క రాయలేదా?

సరే, నీ సంగతే చూద్దాం. చిన్నప్పుడు నేను కథ చెప్తుంటే ఊ కొట్టీ కొట్టీ నిద్రపోయింది ఎవరు? ఊ ఆగితే దుప్పటి కప్పేదాన్ని. ఒకరోజు కథలో ఏనుగుని చంపేశాను. నీ ఊ ఆగిపోయింది. పడుకున్నావనుకుని దుప్పటి కప్పబోతే కాలితో తన్నావు. నిద్ర కాదు, అలక! ఏనుగు లేచి కూర్చునేదాకా మళ్ళీ ఊ అనలేదు. అప్పుడు నువ్వు బానిసవా?

ఆ బోర్డు పీకెయ్యి. ఉమ్మి వేయరాదు, చెత్త వేయరాదు, ఊ కొట్టరాదు. ఎంత బాగుందో వరస! ఇంకో మాట. పెద్ద టీచరు "అంది" ఏమిటి? "అన్నారు" అని రాయి.

ఇంకా కోపంగానే ఉన్న
అక్క


ఆగస్టు 4

అక్కా,

చిల్లు చూశాను. కిటికీ దగ్గర పట్టుకుంటే వెలుతురు వస్తోంది.

నీ ఉత్తరం చదివి మొదట చించేద్దామనుకున్నాను. తర్వాత ఏనుగు గుర్తొచ్చింది. దాని తొండం మీద గంట ఉండేది కదూ?

నిన్న క్లాసులోకి వెళ్ళగానే బోర్డు పీకాను. సగమే ఊడింది. "ఊ కొట్టరాదు" చిరిగిపోయి తలుపు మీద ఉత్త "ఇచ్చట" మిగిలింది. "ఇకనుంచి ఊ అనండి" అన్నాను. పిల్లలు నమ్మలేదు. చిటికె చిటికె వేసింది. "మరి నచ్చకపోతే సార్?" అంది. "నచ్చకపోతే ఊహూ అనండి" అన్నాను, ఏదో నోటికొచ్చి. అక్కా, ఆ ఒక్క మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో గానీ, వచ్చింది!

"ఒక రాజు ఉండేవాడు" అన్నాను, వాళ్ళని పరీక్షిద్దామని.

"ఊహూ!" గది దద్దరిల్లింది.

నాకు ఆనందం ఆగలేదు. "ఒక కార్మికుడు ఉండేవాడు!"

"ఊహూ!!" ఇంకా గట్టిగా. (ఇది కొంచెం గుచ్చుకుంది.)

"మరి ఏం ఉండేదర్రా?" అని విసుక్కున్నాను.

చిటికె లేచింది. "ఒక చెప్పు ఉండేది. ఒక్కటే."

"ఊ..." అన్నారందరూ. అబ్బా, ఆ ఊ నువ్వు వినాలక్కా! ముందుకి జరిగి కూర్చున్న ఊ అది.

అక్కడే నియమం పుట్టింది. ఊహూ అన్నవాళ్ళే తర్వాత ఏమైందో చెప్పాలి. ఉత్తినే కాదంటే కుదరదు. కథ ఇలా నడిచింది. ఆ చెప్పు జత తప్పిపోయింది. పోలీసు దగ్గరికెళ్ళి "అయ్యా" అంది. ఆయన "చెప్పు" అన్నాడు. "నా పేరు మీకెలా తెలుసు?" అని చెప్పు ఆశ్చర్యపోయింది. డాక్టరు దగ్గరికెళితే ఆయనా "చెప్పు" అన్నాడు. కొట్టువాడూ "చెప్పు" అన్నాడు. ఊరంతా తన పేరు తెలుసని దానికి ఒకటే గర్వం. కానీ ఎవరూ అది చెప్పేది వినరు. పేరు పిలిచి ఊరుకుంటారు.

ఇది ఒక్కరు అల్లింది కాదు. గదంతా అల్లింది. నా కాగితం ముక్కల్ని ఒకదానికొకటి జిగురుతో అతికించి బొమ్మలు వేస్తున్నారు. అతికించుకుంటూ పోతే గోడ తిరిగి, మూల తిరిగి, బెంచీ కింద నుంచి వెళుతోంది చెప్పు. ఒక్క కొండ లేదు! సూర్యుడు ఒకచోట ఉన్నాడు, ఆయనా జత కోసమే వెతుకుతున్నాడట.

కానీ గొడవైంది. చప్పుడుకి చేతిరాత మాస్టారు పెద్ద టీచర్ని వెంటబెట్టుకొచ్చాడు. "ఇదేం సంత?" అంది. (అన్నారు.) నేను ఊరుకోవాల్సింది. "మీరు తలూపే బొమ్మల్ని తయారుచేస్తున్నారండీ, నేను మనుషుల్ని తయారుచేస్తున్నాను" అన్నాను. ఇప్పుడు ఆఖరి శనివారం నా కథ చెల్లదట. చేతిరాత మాస్టారు "మంచి బాలుడు" అని ఒక నీతికథ చదువుతారు, పిల్లలు చేతులు కట్టుకుని వినాలి, వరసగా ఒప్పజెప్పాలి. చప్పుడైతే గది పోయినట్టే.

నువ్వు రావాలక్కా. నాకు భయంగా ఉంది. ఈ ముక్క ఎవరికీ చెప్పకు.

తమ్ముడు


ఆగస్టు 9

ఒరేయ్ తమ్ముడూ,

ఉండేది. ఇత్తడి గంట. నీకు గుర్తుందని తెలియగానే నా కోపం కాస్తా జారిపోయింది, ఏం చేస్తాం.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు నీ చెప్పు కథ మావాళ్ళకి చెప్పాను. పక్క సీటావిడ నవ్వి నవ్వి పొలమారి నీళ్ళు తాగింది. తర్వాత ఫోను మోగితే ఎవరో మహానుభావుడు, "మేడమ్, ఒక విషయం" అన్నాడు. "చెప్పండి" అనాల్సిందాన్ని నవ్వాపుకోలేక చచ్చాను. ఆయన కుళాయి గురించి కాబోలు, నాకొక్క ముక్కా ఎక్కలేదు.

రావాలనే ఉంది. సెలవు దొరకదు, ఎండాకాలం నుంచీ మనుషులు తక్కువ. అందుకే మాట విను. ఈసారికి తలవంచు. మాస్టారి కథ చదవనీ, పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టు, గది చేతికొచ్చాక నీ ఇష్టం. గది ఉంటేనే కదరా కథ!

అక్క


ఆగస్టు 13

అక్కా,

ఊహూ.

తమ్ముడు


ఆగస్టు 17

ఒరేయ్,

ఊహూ అన్నావు. బాగుంది. నీ నియమమే కదా అది. ఊహూ అన్నవాడే తర్వాత ఏమైందో చెప్పాలి.

చెప్పు.

అక్క


ఆగస్టు 31

అక్కా,

చెప్తున్నాను. చేతికి ఇంకా రంగు ఉంది, కాగితం మీద మరకలైతే ఏమనుకోకు.

నీ రెండు మాటల ఉత్తరం పట్టుకుని నాలుగు రోజులు తిరిగాను. తలవంచను అని ఊహూ అయితే అన్నాను గానీ, తర్వాత ఏమిటో నాకే తెలీదు. చివరికి పిల్లల్నే అడిగాను. "మాస్టారి కథ చెడ్డదా సార్?" అంది చిటికె. "నేనింకా వినలేదు" అన్నాను. "మరి వినకుండా ఎలా?" అంది. సరే, ముందు విందాం అన్నాను.

ఇవాళ పొద్దున తలుపు మీద బోర్డు కొత్తగా రాయాలన్నారు పిల్లలు. సగం చిరిగిన "ఇచ్చట" కింద "ఊ, ఊహూ" అని రాయమని చిటికెకి కుంచె ఇచ్చాను. నాలిక బయటపెట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసింది. ఊ వచ్చింది. తర్వాత ఊ, హ. కొమ్ముదీర్ఘం మర్చిపోయింది. ఈలోగా తల్లిదండ్రులు వచ్చేస్తున్నారు. చూస్తే తలుపు మీద "ఇచ్చట ఊ, ఊహ" అని ఉంది. చేతిరాత మాస్టారు సుద్దముక్క తీసుకుని దిద్దడానికి వచ్చారు. చెయ్యెత్తారు. చదివారు. మళ్ళీ చదివారు. అక్కా, ఆయన సుద్దముక్క జేబులో వేసుకున్నారు. "ఇది తప్పు కాదు బాబూ" అని లోపలికి వెళ్ళిపోయారు. నేను అక్కడే నిలబడిపోయాను. ఊహూలో ఊహ ఉందని ఇన్ని కరపత్రాలు కోసినవాడికి తట్టలేదు చూడు!

గది కిక్కిరిసింది. బెంచీలు చాలక కిటికీలో కూర్చున్నారు. గోడ చుట్టూ మా చెప్పు నడిచిన దారి, పొడుగ్గా. పిల్లలు చేతులు కట్టుకునే కూర్చున్నారు. మాస్టారు మొదలుపెట్టారు. "ఒక ఊళ్ళో ఒక మంచి బాలుడు ఉండేవాడు."

"ఊ" అన్నారు పిల్లలు. మర్యాదగా, ముద్దుగా. పెద్ద టీచరు సంతోషించారు.

"వాడు రోజూ పొద్దున్నే లేచేవాడు." "ఊ." "వాడు ఎప్పుడూ అల్లరి చేసేవాడు కాదు."

"ఊహూ!"

అన్నది పిల్లలు కాదక్కా! కిటికీలో కూర్చున్న చిటికె వాళ్ళ నాన్న. బస్సు డ్రైవరు, గొంతు హారన్‌లాగే ఉంటుంది. ఇంట్లో చిటికె అలవాటు చేసి పెట్టింది. అనేసి నాలిక కరుచుకున్నాడు. పెద్ద టీచరు మొహం ఎర్రబడింది. అయిపోయింది, గది పోయింది అనుకున్నాను.

చిటికె చిటికె వేసి లేచింది. "నాన్నా, ఊహూ అంటే నువ్వే చెప్పాలి."

ఆయన అటూ ఇటూ చూశాడు, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "అంటే... అల్లరి చెయ్యని పిల్లాడు ఎక్కడుంటాడండీ? వీడూ చేశాడు. బస్సులోంచి ఒక చెప్పు బయటికి విసిరేశాడు."

"ఊ!!" పిల్లల చేతికట్లు ఊడిపోయాయి. మంచి బాలుడు వచ్చి మా చెప్పుతో కలిసిపోయాడు! మాస్టారు పుస్తకం మూసి, "తర్వాత?" అన్నారు. నిజంగా! ఆయనే అన్నారు! ఇక ఎవరు ఆపగలరు? ఒకామె ఊహూ అని లేచి చెప్పుని చెరువు దాటించింది. ఒక తాతగారు ఊహూ అని దాన్ని కుక్క నోటికిచ్చారు. పిల్లలు గోడ దగ్గరికి పరిగెత్తి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టే కొత్త కాగితం అతికించి బొమ్మలు వేసేస్తున్నారు. చెప్పు ఎక్కడికెళ్ళినా గదంతా ఒక్క గొంతుతో "చెప్పు!" అంటోంది. నేను జిగురు డబ్బా పట్టుకుని ఒక పక్కన నిలబడ్డాను. నాతో ఎవరికీ పని లేదు. నా జీవితంలో ఇంత గొప్పగా ఎప్పుడూ లేదు.

అప్పుడు నాలుగో తరగతి పిల్లాడొకడు, "కుక్క దాన్ని బడికి తెచ్చింది. పెద్ద టీచరు లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు" అన్నాడు.

గది చల్లబడిపోయింది. ఆ బీరువాలో పిల్లల బొంగరాలూ గోళీలూ ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు.

"ఊహూ!" అన్నారు పెద్ద టీచరు. కుర్చీలోంచి లేచేశారు. "నా బీరువాలో చెప్పులేం లేవు!"

చిటికె మెల్లిగా చిటికె వేసింది. "టీచర్, ఊహూ అంటే..."

"తెలుసులేవే" అన్నారు. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచారు. ఎంతసేపు తుడిచారో! నాకు కరపత్రాల్లో చదివిన గొప్ప గొప్ప మాటలన్నీ గుర్తొచ్చాయి, ఒక్కటీ అక్కర్లేకపోయింది. నేను చేసింది ఒక్కటే. "ఊ" అన్నాను. నేనే, అక్కా. ఉన్నానని.

ఆవిడ నా వైపు చూశారు. తర్వాత పిల్లల వైపు తిరిగి గొంతు తగ్గించారు. "బీరువాలో లేదు. కానీ ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, బీరువా వెనక నుంచి టక్... టక్... అని చప్పుడు వినిపించింది."

"ఊ..."

"వంగి చూశాను. చీకటి. చెయ్యి పెట్టాను. మెత్తగా ఏదో తగిలింది."

"ఊ..." డ్రైవరు కిటికీలోంచి సగం లోపలికి వచ్చేశాడు.

"పట్టుకుని బయటికి లాగేసరికి..." ఆగిపోయారు. అందరూ "ఊ! ఊ! తర్వాత?" అని అరుస్తున్నారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, "తర్వాత వచ్చే శనివారం. ఇదే గదిలో" అన్నారు.

అర్థమైందా అక్కా? ఇదే గదిలో! వచ్చే శనివారం! అన్నాక గానీ ఆవిడకి అర్థం కాలేదు ఏమన్నారో. ఓరగా నన్ను చూసి, "బాబూ, ఆ కిటికీ తలుపు బాగుచేయించాలి" అన్నారు. గెలిచాం! మాస్టారు వచ్చి భుజం తట్టారు. ఈసారి కడుక్కోలేదు.

వెళ్ళేముందు డ్రైవరు అడిగాడు, "సార్, పెద్దవాళ్ళకి కూడా క్లాసు పెడతారా?"

పిడికిలి విప్పి, జిగురు చేతులతో,
నీ తమ్ముడు


సెప్టెంబరు 4

ఒరేయ్ అగ్గిపుల్లా,

ఊ.

శనివారానికి సెలవు దొరికింది. మా ఆఫీసరు కాదన్నాడు, ఊహూ అన్నాను, తర్వాత ఏమైందో నేనే చెప్పాను. పొద్దుటి బండికి దిగుతాను.

పై ఊ ఏ ఊ అని మళ్ళీ అడిగావంటే చెప్పుచ్చుకుని వస్తాను. ఒక్కటే. దాని జత మీ బీరువా వెనక ఉందిగా.

అక్క